సమాప్తం వెనక సముద్రం

కిమ్జే
1971 ఫిబ్రవరి 22

ఇన్‌హో అమ్మకు,

ఈ రోజు పనులు: ఎండిన సోయా ముద్దలు కడిగి ఆరబెట్టాను. మూడు జాడీల్లో గడ్డి కాల్చి పొగ పట్టించాను. ఉప్పునీళ్ళు కలిపి వడగట్టాను. రెండు బొంతల గలీబులు ఉతికి గంజి పెట్టాను. ఆడపిల్లలిద్దరికీ బడికి అన్నం డబ్బాలు, మిల్లులో పనివాళ్ళకు మధ్యాహ్నం అన్నం. ఆ తర్వాత అత్తగారిని సినిమాకు తీసుకెళ్ళాను. అదే సినిమాకు, మూడోసారి.

రోజూ చేసిన పనులు రాసుకోవడం నా అలవాటు. నీకు ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక అలవాటైన చోట మొదలుపెట్టాను.

నేను కిమ్జే మిల్లు ఇంటి కోడల్ని. ఏడేళ్ళుగా ఈ ఇంట్లో నీ పేరు ఎవరూ పలకరు. అత్తగారు నిన్ను ‘ఆ సియోల్‌ది’ అంటారు. ఊళ్ళోవాళ్ళు చిన్నిల్లు అంటారు. నేను మాత్రం నీకు కొడుకు పుట్టాడని, వాడికి ఇన్‌హో అని పేరు పెట్టావని విన్న రోజు నుంచి మనసులో ఇన్‌హో అమ్మ అనే అనుకుంటున్నాను. పిల్లల్ని కన్న ఆడదానికి మన దగ్గర అంతకంటే వేరే పేరేముంది? నన్నూ పెద్దపిల్ల పేరుతో ఓక్రాన్ అమ్మ అంటారు. అసలు పేరు దొగిమ్ అని పోస్టాఫీసులో తప్ప ఎవరికీ తెలియదు.

‘వానలో వదిలిన చెయ్యి’ నువ్వూ చూసే ఉంటావు. టైపిస్టు అమ్మాయి, పెళ్ళయినవాడని తెలియక ఒకణ్ణి నమ్ముతుంది, కొడుకు పుడతాడు, ఏడేళ్ళు పెంచి వాడి మంచి కోసమని తండ్రి ఇంటికి పంపేస్తుంది. పెద్దింటి ఇల్లాలు కారులో వచ్చి పిల్లవాడి చెయ్యి పట్టుకుంటుంది. తల్లి వానలో బస్సెక్కుతుంది. తర్వాత తెరంతా సముద్రం, దాని మీద ‘సమాప్తం’.

హాలు బయట అత్తగారు ముక్కు తుడుచుకుంటూ, “ఆ సముద్రం ఏంటో తెలుసా నీకు? ఆ తల్లి మనసు,” అన్నారు.

“కథంతా సియోల్లోనే కదత్తయ్యా. మధ్యలో సముద్రం ఎక్కణ్ణుంచి వచ్చింది?” అన్నాను.

“మనసున్నవాళ్ళకు కనబడుతుందిలే. నువ్వు ఉప్పు కొలుచుకో.”

అంతటితో అయిపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. ఇంటికొచ్చాక, “టైపు కొట్టుకునేదానికే అంత బుద్ధి ఉంటే, ఆ సియోల్‌దానికి ఉండదా? బార్లీ కోతల్లోపు నువ్వెళ్ళి పిల్లవాణ్ణి తీసుకురా. ఆ సినిమాలో ఇల్లాలు వెళ్ళినట్టే కారులో వెళ్ళు. అలాంటి బూడిదరంగు బట్టలే కుట్టించుకో,” అన్నారు. మనకు కారు లేదంటే చొన్‌జు పట్నం నుంచి టాక్సీ మాట్లాడమన్నారు. మిల్లు యజమాని (ఆయన్ని నీకు ఏమని రాయాలో తెలియక ఇలా రాస్తున్నాను) అన్నం తింటూ, “మీ ఇష్టం,” అన్నాడు.

నీ ఉద్దేశం ఏమిటో నాకు నేరుగా రాయి. నిన్ను అడగకుండా నీ గుమ్మం ముందు టాక్సీ ఆపడం నాకు చేతకాదు.

ఓక్రాన్ అమ్మ

*

సియోల్, మాపో
మార్చి 1

పెద్దింటి అక్కయ్యగారికి,

కుమ్‌జా తల వంచి నమస్కరించి రాసుకునేది. మీ దగ్గర నుంచి ఎప్పటికైనా ఉత్తరం వస్తుందని భయపడుతూనే ఉన్నాను. తిట్లు ఉంటాయని విప్పితే సోయా ముద్దలున్నాయి.

నేను మార్కెట్లో పెళ్ళి బట్టలు కుట్టి బతుకుతున్నాను. సినిమా పండగ రోజుల్లోనే చూశాను. నా పక్కన చేపల కొట్టావిడ కూర్చుంది. సగంలో నన్ను మోచేత్తో పొడిచి, “ఇది నీ కథే కదే!” అంది. నాకు సిగ్గు వెయ్యలేదండి. నా బతుకు గురించి వెనకనుంచి గుసగుసలాడేవాళ్ళే తప్ప ఎదురుగా చూసినవాళ్ళు లేరు. అదే బతుకు అంత పెద్ద తెర మీద, అంత అందంగా, పాటతో సహా కనబడితే, దానికోసం హాలంతా ఏడిస్తే, నాకు ఏదో గౌరవం జరిగినట్టే అనిపించింది.

ఇన్‌హోను ఈ వారమే బడిలో చేర్చాను. వాడికి నా ఇంటిపేరే ఉంది. కాగితం మీద తండ్రి పేరు చోటు ఖాళీగా ఉంటే టీచరమ్మ కలం అక్కడ ఆపి నా ముఖంలోకి చూసింది. వాడూ చూశాడు. ఆ ఖాళీని నేను ఎంత కుట్టినా పూడ్చలేను. ‘పిల్లవాడి దారి కోసం తల్లి చెయ్యే ముందు వదలాలి’ అని సినిమాలో ఆవిడ అంటుంది కదా. సూది గుచ్చుతున్నప్పుడల్లా ఆ మాటే వినబడుతోంది.

వాడికి రెండు కొత్త లాగులు కత్తిరించి పెట్టాను. పొడుగు పెరిగినా సరిపోయేలా అంచులు లోపలికి మడిచాను. మీరు వస్తే వాణ్ణి సిద్ధంగా ఉంచుతాను. వాడికి చేప ముళ్ళు తీసి పెట్టాలి. ఇంకేం పేచీ పెట్టడు.

పేక్ కుమ్‌జా

*

కిమ్జే
మార్చి 9

ఇన్‌హో అమ్మకు,

ఈ రోజు పనులు రాయను. కోపంతో చేసిన పనులు లెక్కలోకి రావు. ఒక గిన్నె సొట్ట పోయింది.

నువ్వు ఆ సినిమా చూసి ఏడ్చావు, సరే. నేను మూడుసార్లు చూశాను. మొదటిసారి నేనూ ఏడ్చాను. రెండోసారి అత్తగారి పక్కన కూర్చుని, ఏడుపు రాక, చూడడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి నాకు ఒళ్ళు మండుతోంది.

వాన సంగతి చూడు. ఆ సినిమాలో ఏదైనా తేల్చుకోవాల్సి వస్తే చాలు, వాన పడుతుంది. ఆ మగవాడు ఎప్పుడూ గొడుగు కింద ఉంటాడు. ఆ గొడుగు ఒకసారి టైపిస్టు పడుతుంది, ఒకసారి ఇల్లాలు పడుతుంది. ఆఖర్న తల్లి తడుస్తుంది, పిల్లవాడు తడుస్తాడు, ఇల్లాలి భుజం తడుస్తుంది. ఆయన కోటు మీద చుక్క పడదు. ఇంత పెద్ద తప్పు చేసినవాడు సినిమా మొత్తం మీద ఒక్కసారైనా ‘నా వల్ల’ అనడు. మన మిల్లు యజమానికి గొడుగు కూడా అక్కర్లేదు, ‘మీ ఇష్టం’ ఉంది.

ఇక ఆ ఇల్లాలు. ఆమె అన్నం తినగా చూశావా? గదిలో ఒంటరిగా ఉండగా చూశావా? తెలిసిన మరుక్షణమే, ‘నా సొంత బిడ్డలా చూసుకుంటాను’ అంటుంది. తెలియడానికీ ఆ మాట అనడానికీ మధ్య ఆమె ఏం చేసిందో తీసినవాళ్ళకు అక్కర్లేకపోయింది. నాకు తెలుసు. నీకు కొడుకు పుట్టిన కబురు వచ్చిన రోజు మేం శీతాకాలానికి క్యాబేజీ ఊరగాయ, కిమ్చీ, పెడుతున్నాం. నేను క్యాబేజీల మీద ఉప్పు చల్లుతూనే ఉన్నాను. చల్లానో లేదో గుర్తులేక మళ్ళీ చల్లాను. ఆ చలికాలమంతా ఇంటిల్లిపాదీ ఉప్పు కషాయం లాంటి కిమ్చీ తిన్నారు. ఎందుకిలా అయిందని ఒక్కరూ అడగలేదు. అది కదా సినిమా తీయాల్సింది?

ఇక్కడి ఆడవాళ్ళను ఎవరికోసం ఏడ్చారని అడిగాను. బట్టల కొట్టావిడ పిల్లవాడి కోసమంది. మందుల షాపావిడ, వాళ్ళాయనకూ బయట ఒక ఇల్లుంది, తనకోసమేనంది. ఆ మగవాడి కోసం ఎవరైనా ఏడ్చారా అంటే, “ఆయనకేమైందని ఏడవడం?” అన్నారు. నేననేదీ అదే.

సియోల్ పత్రికలో ఒక పెద్దమనిషి దీన్ని నాలుగు వాక్యాల్లో తేల్చేశాడట. రబ్బరు జోళ్ళ ప్రేక్షకులు దేనికైనా ఏడుస్తారని రాశాడని ఓక్రాన్ చదివి వినిపించింది. వానాకాలం బురదలో రబ్బరు జోళ్ళు కాక ఏం వేసుకుంటారు? ఆయన మన జోళ్ళు చూశాడు కానీ సినిమా మన చేత ఏం ఒప్పిస్తోందో చూడలేదు. అది మనల్ని ఏడిపించి, ఏడుస్తుండగా చేతిలోంచి పిల్లవాణ్ణి తీసుకుంటోంది.

ఇప్పుడు ఒక మాట నేరుగా చెప్తాను. నేను ఆ బూడిదరంగు బట్టల మనిషిని కాను. నీ కొడుకు మా ఇంటికి రావడం నాకు ఇష్టం లేదు. వాడొస్తే రేపటి నుంచి ఈ ఊరు నన్ను ఇన్‌హో అమ్మ అంటుంది. కొడుకు ఉండగా కూతురి పేరుతో ఎవరు పిలుస్తారు? పద్నాలుగేళ్ళుగా నేను ఓక్రాన్ అమ్మని. ఆ పేరూ పోతుంది, నీ పేరూ పోతుంది. నిన్ను మార్కెట్లో అప్పుడేమని పిలుస్తారో ఆలోచించావా?

లాగులు కుట్టడం ఆపు.

ఓక్రాన్ అమ్మ

*

సియోల్, మాపో
మార్చి 15

కిమ్జే మిల్లు యజమాని భార్యగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటి రెండుసార్లు మీరు నా మంచి కోరుతున్నారనుకున్నాను. మూడోసారికి చివరి పేజీ ఒక్కటే మిగిలింది. నా కొడుకు మీకు వద్దు. ఆ మాట చెప్పడానికి గొడుగుల గురించి, వాన గురించి అంత రాయాలా?

మీకు ఇల్లుంది, ఇంటిపేరుంది, జాడీలున్నాయి. ఏ సినిమా ఎలా ఉండాలో చెప్పే తీరికుంది. నాకు ఆ సినిమా తప్ప నా గురించి మంచిగా చెప్పినవాళ్ళు ఇంతవరకు లేరు. దాన్ని కూడా మీరు ఉతికి ఆరేశారు.

పైగా మీరు దాన్ని సరిగ్గా చూడనేలేదు. తల్లి చేతిలోంచి పిల్లవాణ్ణి తీసుకుంటుందన్నారు. మరి ఆమె బస్సు దిగి వెనక్కి పరిగెత్తినప్పుడు మీరు కళ్ళు మూసుకున్నారా? చెప్పు ఊడిపోయి, ఆ పెద్ద గేటు పట్టుకుని కొడుకు పేరు పెట్టి అరిచినప్పుడు చెవులు మూసుకున్నారా? మా హాల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. తన గుండె ఆగక పిల్లవాడి జీవితం పాడు చేసిందనుకున్నాను. నేను అంత బలహీనురాలిని కాకూడదనుకున్నాను.

లాగులు కుట్టడం అయిపోయింది. గుండీలు కూడా పెట్టాను.

పేక్ కుమ్‌జా

*

కిమ్జే
మార్చి 23

ఇన్‌హో అమ్మకు,

తిట్టు, పడతాను. కానీ ఏ గేటు? ఏ అరుపు?

నీ ఉత్తరం చదివిన వెంటనే చేతులు కడుక్కుని సినిమా హాలుకు వెళ్ళాను. మేనేజరు టికెట్ల గదిలో అన్నం తింటున్నాడు.

“రండి పిన్నిగారూ! అవ్వగారు నాలుగోసారి చూస్తారా? వేరే సినిమా వచ్చిందే!”

“ఆ పాత సినిమాలో తల్లి ఆఖర్న గేటు దగ్గరికి తిరిగొస్తుందట కదా?”

చెంచా కింద పెట్టాడు. “ఎవరు చెప్పారు?”

“సియోల్లో చూసినవాళ్ళు.”

“సియోల్ వాళ్ళకేం పిన్నిగారూ, హాలుకొక ప్రింటు. మాకూ, ఈరి టౌనుకూ కలిపి ఒక్కటే. ఇక్కడ ఆడిన రీలు ఆడినట్టు బస్సులో ఈరికి వెళ్ళాలి. ఆఖరి రీలు దాకా ఆగితే మాకు బస్సు తప్పుతుంది. అందుకని దాన్ని ఈరిలోనే ఉంచేశాం. తల్లి బస్సెక్కింది, మా రీళ్ళూ బస్సెక్కాయి.”

“మరి ఆ సముద్రం?”

“సమాప్తం అనే అక్షరాలు కూడా ఆ ఆఖరి రీల్లోనే ఉన్నాయి. అవి పడకపోతే జనం కుర్చీల్లోంచి లేవరు కదా! గదిలో పాత జాలర్ల సినిమా ఒకటుంటే దాని తోక కోసి అతికించాం. బాగా అతికింది కదండీ?”

“ఇన్ని రోజుల్లో ఒక్కరైనా అడగలేదా?”

“అప్పటికి అందరి కళ్ళల్లో నీళ్ళే. తెర ఎవరికి కనబడుతుంది?”

వాడు ముల్లంగి కిమ్చీ ముక్క కొరుకుతూ నవ్వుతున్నాడు. నాకు వాడి అన్నం డబ్బా నేలకేసి కొట్టాలనిపించింది. మా అత్తగారు ఆ జాలర్ల సముద్రాన్ని నమ్ముకుని నీ కొడుకును తెమ్మంటున్నారు! ఊరు ఊరంతా అదే సముద్రాన్ని తల్లి మనసు అనుకుని ఇళ్ళకెళ్ళి నిద్రపోయింది!

రెండు విషయాలు. ఆ ఆఖరి రీల్లో ఏముందో వివరంగా రాయి. నీ తిట్లు మధ్యలో ఎన్ని ఉన్నా ఫరవాలేదు. రెండోది, తిరిగి రావడం బలహీనత అని నీకు ఎవరు చెప్పారు? సినిమా చెప్పిందా, నువ్వనుకున్నావా? నేను చూడలేదు కాబట్టి అడుగుతున్నాను.

నీ కొడుకు వద్దనడం నా స్వార్థమే, కాదనను. కానీ నా స్వార్థం, నీకు కడుపుకోత తప్పడం, రెండూ ఒకవైపే ఉంటే నేనేం చెయ్యను?

ఓక్రాన్ అమ్మ

*

సియోల్, మాపో
మార్చి 30

ఓక్రాన్ అమ్మగారికి,

సముద్రం గురించి చదివి నవ్వుతుంటే చేపల కొట్టావిడ పరిగెత్తుకొచ్చి ఏమైందంది. చెప్పాను. ఇప్పుడు మార్కెట్ అంతటికీ తెలుసు. మొన్నటి ఉత్తరం పరుషంగా రాశాను, మన్నించండి. కొంతవరకే మన్నించండి, మిగతాది నేను నిజంగానే అన్నాను.

వివరంగా రాయాలంటే గుర్తున్నది నమ్మబుద్ధి కాలేదు. చవక హాల్లో మళ్ళీ ఆడుతుంటే వెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరని ఇన్‌హోను కూడా తీసుకెళ్ళాను.

ఇదీ ఆఖరి రీలు. బస్సు కదులుతుంది. ఆమె కిటికీ అద్దం మీద ఆవిరి తుడుస్తుంది. బస్సు ఆపమని అరుస్తుంది. పరిగెడుతుంది, చెప్పు పోతుంది. గేటు పట్టుకుని పిలుస్తుంది. చాలాసేపు ఎవరూ రారు. తర్వాత పిల్లవాడు చెప్పుల్లేకుండా బయటికొస్తాడు. వెనక ఇల్లాలు నిలబడి ఉంటుంది, ఏమీ అనదు, ఆపదు. తల్లి వాణ్ణి వీపుకు కట్టుకుని నడిచిపోతుంది. ఏడేళ్ళవాడు, కాళ్ళు నేలకు తగులుతుంటాయి. రోడ్డు మీద ‘సమాప్తం’ పడుతుంది. మీ సముద్రం లేదు.

ఇన్‌హో ఎండబెట్టిన స్క్విడ్ చేప ముక్క నములుతూ సగంలోనే నిద్రపోయాడు. ఆమె గేటు దగ్గర అరిచేసరికి వాడి తల నా ఒళ్ళో ఉంది. వాడు లేస్తాడేమోనని నా చెయ్యి వాడి చెవి మీదికి వెళ్ళింది. రెండో చెయ్యి వాడి కాళ్ళు జారకుండా పట్టుకుంది. హాలంతా చప్పట్లు కొట్టారు. ఈసారీ నేను కొట్టలేదు, చేతులు ఖాళీ లేవు.

మీ రెండో ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు అంతే. బలహీనత అని సినిమా అనలేదు. నేనే అనుకున్నాను.

నేను వాణ్ణి పంపనండి. కానీ ఒక భయం ఉంది. కాగితం మీద రాయడం తేలిక. మీ ఇంటివాళ్ళు ఎవరైనా ఎదురుగా వచ్చి నిలబడితే నా నోరు పడిపోతుంది. ఏడుపు వస్తుంది. ఏడిస్తే, ఒప్పుకున్నాననుకుంటారు.

కుమ్‌జా

*

కిమ్జే
ఏప్రిల్ 13

ఇన్‌హో అమ్మకు,

పనులు: అత్తగారిని ఆదివారం చొన్‌జు తీసుకెళ్ళాను, అక్కడ సినిమా మొత్తం ఆడుతోందని విని. మిగతా పనులన్నీ దీని చుట్టూ చేసినవే.

ఆమె చూశారు. గేటు చూశారు, చెప్పు చూశారు, పిల్లవాణ్ణి వీపున కట్టుకోవడం చూశారు. ఇక్కడికన్నా ఎక్కువ ఏడ్చారు. నాకు గుండెలో ఆశ కదిలింది. దీపాలు వెలిగాక ఆమె నా వైపు తిరిగి అన్న మొదటి మాట ఏమిటో తెలుసా?

“సముద్రమేది?”

“లేదత్తయ్యా. ఉండదు. అది మన హాలువాడు వేరే సినిమాలోంచి కోసి అతికించాడు. అసలు కథ ఇదే.”

“చొన్‌జు వాళ్ళు మొదటి నుంచీ మోసగాళ్ళే. సముద్రం తీసేసి ఈ గేటు గొడవ పెట్టారు. సియోల్ ఆడవాళ్ళు మెచ్చుకోవాలని. మన ఊరిదే అసలైంది.”

“హాలువాడే స్వయంగా చెప్పాడు నాకు!”

“రీళ్ళు మోసేవాడికి కథ గురించి ఏం తెలుసు?”

నాకు ఇన్నాళ్ళూ ఉన్న నమ్మకం ఒక్కటే: సరిగ్గా చూపిస్తే సరిగ్గా చూస్తారని. అది చొన్‌జు బస్టాండులో పోయింది. మనుషులు తమకు కావలసిన సమాప్తాన్ని వెంట తెచ్చుకుని హాల్లోకి వస్తారు.

రాత్రి భోజనాల దగ్గర చెప్పేశాను. “సినిమాలో పిల్లవాణ్ణి తీసుకొచ్చేది పెద్దింటి ఇల్లాలు. ఆ ఇల్లాలు వెళ్ళకపోతే ఆ సీనే లేదు. నేను వెళ్ళను.”

మిల్లు యజమాని పత్రిక ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆ పత్రిక కిందికి దించాను. పదహారేళ్ళ కాపురంలో అలా చెయ్యడం మొదటిసారి. “మీరేమంటారు?” అన్నాను. “అమ్మకు చెప్పి చూడు,” అన్నాడు. అమ్మ పక్కనే కూర్చుని ఉంది.

“నువ్వు వెళ్ళకపోతే నేనే వెళ్తాను,” అన్నారు అత్తగారు. “అది నా కాళ్ళ మీద పడి ఏడ్చి, పిల్లవాణ్ణి నా చేతిలో పెడుతుంది, చూడు.” నాకు కుట్టించిన బూడిదరంగు బట్టలు తనకు సరిపోయేలా చెయ్యమన్నారు. చేసిచ్చాను. గురువారం రైలు. ఈ ఉత్తరం ఆమెకన్నా ముందు చేరుతుందో లేదో.

నేను చెప్పగలిగింది తక్కువ. నోరు పడిపోతే పోనీ. చేతిలో పని వదలకు. ఆమె ముసలావిడ, దారిలో ఏమీ తినదు. పిల్లవాణ్ణి ఇవ్వకు, ఆకలితోనూ పంపకు.

ఓక్రాన్ అమ్మ

*

సియోల్, మాపో
ఏప్రిల్ 18

ఓక్రాన్ అమ్మగారికి,

మీ ఉత్తరం ఆమె వెళ్ళిన మర్నాడు చేరింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మార్కెట్ సందులోకి టాక్సీ పట్టదు. ఆమె పట్టించారు. ముల్లంగి బుట్టలు జరపడానికి అందరూ లేవాల్సి వచ్చింది. బూడిదరంగు బట్టల్లో ముసలావిడ దిగగానే నాకు అర్థమైపోయింది. తెల్లారితే ఇవ్వాల్సిన పెళ్ళి బట్టలు మిషను మీద ఉన్నాయి. నోట్లో గుండుసూదులున్నాయి.

“నువ్వేనా కుమ్‌జా?”

లేచి వంగి నమస్కారం పెట్టాను. కూర్చోమని చేత్తో చూపించాను. ఆమె కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని, “పిల్లవాడి దారి కోసం తల్లి చెయ్యే ముందు వదలాలి!” అన్నారు.

సూదులు ఉన్నాయి కాబట్టి మాట్లాడలేను. తల ఊపితే ఒప్పుకున్నట్టవుతుందని ఊపలేదు. మళ్ళీ కూర్చుని అంచు కుట్టాను. ఆమె, నాకు వినబడలేదేమోనని, అదే మాట ఇంకా గట్టిగా అన్నారు. దాంతో చేపల కొట్టావిడ వచ్చింది.

“అవ్వా, ఆ మాట సినిమాలోది కదూ?”

“అయితే?”

“అయితే ఆ తర్వాత ఆవిడ వెనక్కొచ్చేస్తుంది కదా! నిద్రపోయావా ఏంటి?”

“వెనక్కి రాదు. సముద్రం వస్తుంది.”

“ఓసినీ, ఆ సముద్రం అవ్వ ఈవిడేనే!” అని అరిచింది. తప్పు నాదేనండి, నేనే అందరికీ చెప్పాను. టోఫు అమ్మే ఆవిడ, బొగ్గుల కొట్టావిడ, అందరూ చేరారు.

“నేను మూడుసార్లు చూశాను!” అన్నారు మీ అత్తగారు.

“నేను ఐదుసార్లు చూశానవ్వా. గేటు దగ్గర చెప్పు ఊడుతుంది. ఎడమకాలిది.”

“కుడికాలిది,” అంది టోఫు ఆవిడ.

“ఎడమది! కుడికాలు మెట్టు మీదుంది.”

“ఊడింది కుడిదే,” అన్నారు మీ అత్తగారు. అందరూ ఆమెవైపు తిరిగారు. “చొన్‌జులో చూశాను,” అన్నారు, కాస్త చిన్న గొంతుతో.

ఆ తగువు నడుస్తుండగా ఇన్‌హో బడి నుంచి వచ్చాడు. మార్కెట్లో ఏ ముసలావిడ కనబడినా పెట్టినట్టే ఆమెకూ నమస్కారం పెట్టి, “అవ్వా, మీరు ఏ కొట్టుకొచ్చారు?” అన్నాడు. ఆమె వాడి చెవులు చూస్తూ ఉండిపోయారు. ఆయన చెవులే.

అప్పుడు నేను సూదులు ఒక్కొక్కటీ తీసి దిండుకు గుచ్చాను. “వీణ్ణి నేను పంపనండి,” అన్నాను. ఏడుస్తూ చెప్తాననుకున్నాను. దారం తెంపుతూ చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బొగ్గుల కొట్టావిడ మాత్రం, “ఆకలిగా ఉందా అవ్వా?” అని అడిగింది.

చేపల కొట్టావిడ అందరికీ నూడుల్స్ చెప్పింది. మీ అత్తగారు రెండు గిన్నెలు తిన్నారు. పులుసు పలచగా ఉందన్నారు. డబ్బులివ్వబోతే చేపలావిడ పుచ్చుకోలేదు. సాయంత్రం రైలుకు నేనే స్టేషను దాకా వెళ్ళాను. ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. బోగీ ఎక్కాక మాత్రం, “ఆ లాగు అంచులు నువ్వే మడిచావా?” అని అడిగారు.

తండ్రి పేరు చోటు ఇంకా ఖాళీగానే ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. కానీ టీచరమ్మ నిన్న వీధిలో కలిసి, ఇన్‌హో అమ్మగారూ అని పిలిస్తే, వెంటనే పలికాను.

ఇన్‌హో అమ్మ

*

కిమ్జే
మే 3

ఇన్‌హో అమ్మకు,

ఈ రోజు పనులు: జాడీల్లోంచి సోయా ముద్దలు తీసి, ఊరిన పులుసు వేరు చేశాను. రెండు జాడీలు బాగా వచ్చాయి, మూడోదానికి ఇంకా ఎండ కావాలి. పాత బొంతలు విప్పాను.

అత్తగారు తిరిగొచ్చి రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడోరోజు చిక్కుళ్ళు ఒలుస్తూ, “అది ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు,” అన్నారు. నేను తొక్కలు పక్కకు తీశాను. “ఏడవని ఆడదాని దగ్గర పిల్లవాణ్ణి ఎలా తీసుకోవాలో ఆ సినిమాలో చూపించలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు నాకు,” అన్నారు. పత్రికలో రాసే ఆ పెద్దమనిషి కూడా ఆ సినిమా గురించి ఇంత సరైన మాట రాయలేదు. ఆమెతో అనలేదు, అంటే మళ్ళీ సియోల్ బయల్దేరతారు.

చుట్టాలకు మాత్రం, సియోల్ బళ్ళు మంచివని, పిల్లవాణ్ణి అక్కడే ఉంచమని తనే చెప్పి వచ్చానని చెప్తున్నారు. చెప్పుకోనీ. వాడికోసం సర్దిన గదిలో ఎండుమిరపకాయలు పోయించారు.

మిల్లు యజమానిని బడికి వెళ్ళి తన పేరు రాయించమన్నాను. పని తగ్గాక చూద్దామన్నాడు. మిల్లులో పని తగ్గడం నేనెప్పుడూ చూడలేదు. రోజూ అడుగుతున్నాను. రోజూ పత్రిక దించుతున్నాను. చేతులు నొప్పి పుడుతున్నాయి కానీ ఆపను. నువ్వు ఆ కోపం ఆయన మీదే ఉంచు, నీ మీదికి తిప్పుకోకు. నేనూ అదే నేర్చుకుంటున్నాను.

అత్తగారు నిన్న కొత్త సినిమాకు తీసుకెళ్ళమన్నారు. కోడలు అత్త కోసం కళ్ళు దానం చేసే కథట. నేను రానన్నాను. మందుల షాపావిడతో వెళ్ళారు. తిరిగొచ్చి నా కళ్ళవైపు అదోలా చూశారు.

ఈ ఉత్తరంతో పాటు మన నువ్వుల నూనె ఒక సీసా పంపుతున్నాను, సియోల్ వస్తున్న మా మిల్లు గుమాస్తా తెచ్చిస్తాడు. అది నీకు కాదు, చేపల కొట్టావిడకు. మా ఇంటి మనిషి తిన్న రెండు గిన్నెల నూడుల్స్‌కు. నూనె ఈ ఏడు గానుగ ఆడించిందే, పలచగా ఉండదు. ఆమె డబ్బు పుచ్చుకోదన్నావు కాబట్టి ఇలా తీర్చాను. ఆ బాకీ తీరిపోయింది.

ఓక్రాన్ అమ్మ